గింజ నుంచి గుంత దాకా: బొప్పాయి, కరివేపాకు, పనస నారు పెంచే పద్ధతి

పండు తిన్నాక గింజ చేతిలోకి వచ్చినప్పుడు ముందు తేల్చుకోవలసింది ఒకటే. దీన్ని ఆరబెట్టాలా, తడి ఆరకముందే మట్టిలో పెట్టాలా? బొప్పాయి, సీతాఫలం, మునగ, చింత గింజలు ఆరబెట్టి దాచుకోవచ్చు. పనస, మామిడి, నేరేడు, కరివేపాకు గింజలు ఎండితే చచ్చిపోతాయి. బెండ, వంగ విత్తనాలు దాచే అలవాటు కొద్దీ పనస పిక్కల్ని కూడా వరండాలో ఎండబోసి, డబ్బాలో పోసి, వచ్చే తొలకరికి వేద్దామని అట్టేపెట్టేవాళ్ళు నాకు ఏటా కనిపిస్తారు. ఆ డబ్బాలో ఉన్నవి కూరకి పనికొస్తాయి, మొక్కకి పనికిరావు.

మా ఊరు కడియానికి దగ్గర. కడియం, కడియపులంక, బుర్రిలంక నర్సరీల్లో దొరకని మొక్క లేదు. అంత దగ్గర్లో ఉండి కూడా నేను పెరటి చెట్లని గింజ వేసే పెంచుతాను. కవర్లో ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలియని మొక్క కంటే, వేరు ఎక్కడిదాకా దిగిందో నా కళ్ళతో చూసిన మొక్క నేలలో తొందరగా కుదురుకుంటుంది. కింద రాసినదంతా ఆ వేరు గురించే అనుకోండి. ఆకు ఎలా ఉందో అందరూ చూస్తారు. నాటే రోజుని నిర్ణయించేది మాత్రం వేరు.

ఎప్పుడు విత్తాలి

నాటే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మా గోదావరి వైపు పెరట్లో మొక్క నాటడానికి మంచి అదను మృగశిర, ఆరుద్ర కార్తెలు, అంటే జూన్ రెండో వారం నుంచి జూలై మొదటి వారం దాకా. బొప్పాయి నారు నాటడానికి సిద్ధమవ్వాలంటే 45 నుంచి 60 రోజులు పడుతుంది. కాబట్టి ఏప్రిల్ మధ్యలో గింజ పెట్టాలి. ఇందులో ఒక చిక్కుంది. మొక్క రెండాకుల మీద ఉన్నప్పుడే రోహిణి కార్తె వస్తుంది. రోళ్ళు పగిలే ఎండ అంటారు కదా, అది నేరుగా తగిలితే లేత మొక్క మిగలదు. షేడ్‌నెట్ కింద గానీ, మామిడి చెట్టు నీడన గానీ కవర్లు పేర్చుకోండి. ఉదయం ఎండ పడి, పది దాటాక నీడ వచ్చే చోటు అన్నిటికంటే మంచిది.

జూన్‌లో నాటడానికి ఇంకో కారణం ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో మాకు తుఫాన్లు వస్తాయి. బొప్పాయి కాండం గుల్ల, వేరు పైపైనే పాకుతుంది. ఆలస్యంగా నాటిన మొక్క అప్పటికి కాలు నిలదొక్కుకోదు. వానమీద ఆధారపడకుండా నీళ్ళు పెట్టగలిగేవాళ్ళు ఫిబ్రవరి, మార్చి నెలల్లో కూడా నాటుకోవచ్చు. చలికాలంలో మాత్రం బొప్పాయి గింజ పెట్టకండి. దానికి 25 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. డిసెంబరులో పెట్టిన గింజ మట్టిలో నానుతూ, చాలాసార్లు మొలవకుండానే కుళ్ళిపోతుంది.

పనస, మామిడి, నేరేడు, కరివేపాకుకి ఈ లెక్క లేదు. పండు పండిన వారమే విత్తే వారం.

మట్టి, కవర్లు

నేను వాడే పాళ్ళు ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు గోదావరి ఇసుక, ఒక వంతు బాగా మాగిన పశువుల గెత్తం. మూడూ జల్లెడ పట్టి కలుపుతాను. గెత్తం మాగిందో లేదో చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. వేడిగా ఉన్నా, పేడ వాసన వస్తున్నా ఇంకా ఆగాలి. పచ్చి గెత్తం లేత వేరుని మాడ్చేస్తుంది, దానితో పాటు వేరు పురుగు కూడా వస్తుంది. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు ఉంటుంది. కొబ్బరి పొట్టు కలిపేవాళ్ళు దాన్ని రెండు మూడుసార్లు నీళ్ళలో నానబెట్టి పిండాలి, అందులోనూ ఉప్పు ఉంటుంది. నల్లరేగడి మాత్రమే దొరికే ఊళ్ళలో ఇసుక పాలు పెంచుకోండి, లేకపోతే కవర్లో నీరు దిగదు.

వీలైతే మట్టిని ముందే ఎండ దెబ్బ తినిపించండి. మార్చిలో తడిపిన మట్టిని జానెడు మించని మందాన పరచి, లోపలికి కనిపించే పల్చటి ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులన్నీ మట్టితో మూసి నాలుగు వారాలు వదిలేయాలి. షీటు కింద పుట్టే వేడికి కలుపు గింజలు, నారుని కుళ్ళబెట్టే శిలీంధ్రాలు చాలావరకు పోతాయి. ఖర్చు లేని పని ఇది. మందు కొట్టడం కంటే దీన్నే నేను నమ్ముతాను.

బొప్పాయికి 6 అంగుళాల ఎత్తు, 4 అంగుళాల వెడల్పు కవరు చాలు. పనస, మామిడి, నేరేడుకి కవరు పొడుగ్గా ఉండాలి, 10 అంగుళాలైనా కావాలి. తల్లివేరు నిటారుగా కిందికి దిగే జాతులవి. అడుగున, పక్కల రంధ్రాలున్నాయో లేదో చూసుకోండి, తక్కువైతే మీరే పొడవండి. ట్రేలో నారు పోసి, తర్వాత పీకి కవర్లోకి మార్చే పద్ధతి వంగకీ మిరపకీ బాగుంటుంది. బొప్పాయికి వేరు కదిలితే గిట్టదు, అందుకే మొదటే కవర్లో గింజ పెట్టడం మేలు.

బొప్పాయి

గింజ ఎక్కడిదన్నది ముందు ముఖ్యం. బజారులో వచ్చే తైవాన్ రెడ్ లేడీ సంకర రకం. దాని పండులోంచి తీసిన గింజ మొలుస్తుంది, కాస్తుంది కూడా, కానీ తల్లి లాంటి పండే వస్తుందన్న హామీ ఉండదు. అదే రకం కావాలంటే విత్తనం కొనుక్కోవాలి. ఊళ్ళో ఎవరింట్లోనో బాగా కాసే చెట్టుంటే, దాని పండులో పొడుగు పండుని ఎంచుకోండి. గుండ్రంగా ఉండేది ఆడ చెట్టు పండు. పొడుగ్గా, కోలగా ఉండేది ఒకే పువ్వులో ఆడా మగా రెండూ ఉండే చెట్టు పండు. అది తన పుప్పొడితోనే కట్టిన పండైతే, దాని గింజల్లో ఒక్క మగ మొక్క కూడా రాదు. మూడింట రెండు వంతులు తల్లి లాంటి ద్విలింగ చెట్లు, ఒక వంతు ఆడ చెట్లు వస్తాయి. పెరట్లో రెండు మూడు చెట్లకే చోటున్నవాళ్ళకి ఈ ఒక్క ఎంపిక ఏడాది శ్రమని కాపాడుతుంది. మగ చెట్టు పుప్పొడి తగిలిన ఆడ చెట్టు గింజలు వేస్తే సగం మగ మొక్కలే.

చెట్టున పండిన పండు తీసుకోండి. గింజ చుట్టూ ఒక జిగురు సంచి ఉంటుంది. మొలక రాకుండా ఆపే పదార్థం అందులోనే ఉంది, ఆ సంచి పోవాలి. గింజల్ని పల్చటి గుడ్డలో వేసి, కట్టెల పొయ్యి బూడిద చల్లి, చేత్తో రుద్దితే సంచులు చిట్లిపోతాయి. బూడిద లేకపోతే జల్లెడలో వేసి కుళాయి కింద రుద్దండి. తర్వాత గిన్నెడు నీళ్ళలో వేసి, తేలినవి పారేయండి. మునిగినవి నల్లగా, ముడతలుగా, మిరియాల్లా కనిపిస్తాయి. వాటిని నీడలో ఆరబెట్టాలి, ఎండలో వద్దు. వెంటనే విత్తితే అన్నిటికంటే బాగా మొలుస్తాయి. దాచాలంటే మూత గట్టిగా ఉన్న సీసాలో, చల్లటి చోట పెట్టి ఆ ఏడాదే వాడేయండి.

విత్తే ముందు రాత్రి నీళ్ళలో నానబెట్టండి. కవరుకి రెండు గింజలు, ఒక సెంటీమీటరు లోతులో. లోతు ఎక్కువైతే మొలక పైకి రాలేదు. పైన పల్చగా ఇసుక చల్లి, రోజ్ (చిల్లుల మూతి) ఉన్న క్యాన్‌తో నీళ్ళు పోయండి. చెంబుతో పోస్తే గింజలు తేలిపోతాయి. రెండు మూడు వారాల్లో మొలకలు వస్తాయి, అన్నీ ఒకేసారి రావు. ఆలస్యమైనవాటిని తవ్వి చూడకండి. రెండూ మొలిస్తే, రెండు జతల ఆకులు వచ్చాక బలహీనమైనదాన్ని కత్తెరతో మట్టి దగ్గర కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కూడా తెగుతుంది.

నారుకుళ్ళు

బొప్పాయి నారుకి అసలు శత్రువు ఇదే. నిన్న సాయంత్రం నిటారుగా ఉన్న మొక్క పొద్దున్నకి ఒరిగిపోయి ఉంటుంది. మట్టి అంచు దగ్గర కాండం నీరుకారి, సన్నబడి, గోధుమ రంగులో ఉంటుంది. ఆకులింకా పచ్చగానే ఉండటంతో నీళ్ళు చాలక వాడిందనుకుని ఇంకా పోస్తారు. జరగవలసింది దానికి పూర్తిగా ఉల్టా. పడిపోయిన మొక్కని మట్టితో సహా తీసి దూరంగా పారేయాలి. మిగతా కవర్లని ఎడంగా జరిపి గాలి ఆడనివ్వాలి. నీళ్ళు ఆపి, పైమట్టి ఆరనివ్వాలి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మిగతా కవర్లలో మట్టి తడిసేలా పోయాలి.

రాకుండా చూసుకోవడం ఇంతకంటే తేలిక. నీళ్ళు పొద్దున్నే పోయండి, సాయంత్రం వద్దు. రాత్రంతా తడిగా ఉన్న మట్టిలోనే ఈ తెగులు పాకుతుంది. వేలు పెట్టి చూసి, కణుపు లోతున తడి తగిలితే ఆ రోజు పోయనక్కరలేదు. ఇంకో ఉపాయం, మట్టి కలిపే ముందు 10 కిలోల గెత్తానికి 200 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడి ఆరకుండా గోనెపట్టా కప్పి పది రోజులు ఉంచడం. ఈ మంచి శిలీంధ్రం గెత్తంలో పెరిగి చెడ్డదాన్ని అణచివేస్తుంది. ట్రైకోడెర్మా వేసిన మట్టిలో వెంటనే కాపర్ మందు పోయకండి, రెండూ పొసగవు.

ఆరనివ్వకూడని గింజలు

కరివేపాకు కాయ ఆకుపచ్చ నుంచి ఎర్రగా మారి, నల్లబడ్డాక కోయాలి. కోకిలలు ముందే వచ్చేస్తాయి కాబట్టి ఒక గుత్తికి గుడ్డ కట్టుకోండి. నల్లటి గుజ్జు పిసికి కడిగేసి, ఆ రోజో మర్నాడో కవర్లో పెట్టేయండి, అర అంగుళం లోతు చాలు. మూడు వారాలు దాటిన కరివేపాకు గింజ మీద ఆశ పెట్టుకోవద్దు. మొలిచాక మొదటి ఏడాది మొక్క చాలా నెమ్మదిగా ఎదుగుతుంది, ఎరువులు వేసి తొందరపెట్టకండి.

అమెరికాలో ఉన్న మా చెల్లెలి కూతురు ఇక్కడి నుంచి గింజలు పంపమని అడుగుతూ ఉంటుంది. కరివేపాకు నిమ్మ కుటుంబానికి చెందిన మొక్క. దాని మీద బతికే చిన్న పురుగు నిమ్మ, నారింజ తోటలకి తెగులు మోసుకెళ్తుంది. అందుకే అక్కడ మొక్కల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్ళడం మీద కూడా ఆంక్షలున్నాయి. అక్కడివాళ్ళు తమ ఊళ్ళోనే కాసిన చెట్టు గింజలు అడిగి తెచ్చుకోవడం మేలు. చలి దేశంలో కవరుని వెచ్చటి చోట, కిటికీ పక్కన పెట్టాలి. రాత్రి చలి 10 డిగ్రీలకి దిగే రోజుల్లో బయట ఉంచకూడదు.

పనసకి పెద్ద తొనల్లోని బరువైన పిక్కలు ఏరండి. జిగురు పోయేలా కడిగి, పైన ఉండే పల్చటి పొర ఊడితే తీసేసి, ఆ వారంలోనే పెట్టేయండి. పిక్కని పడుకోబెట్టి, దాని మందం కంటే కొంచెం లోతుగా కప్పితే చాలు. పనస మొక్క నేల మీద జానెడు ఉన్నప్పటికే కింద తల్లివేరు అంతకంటే పొడుగు దిగి ఉంటుంది. పెద్దయ్యాక నాటుదామని ఏడాది కవర్లో ఉంచితే ఆ వేరు అడుగున చుట్ట చుట్టుకుంటుంది. చుట్టుకున్న వేరుతో నాటిన చెట్టు పైకి ఎదిగినా గట్టి గాలికి ఒరిగిపోతుంది. చోటు ఖాయమైతే పనస పిక్కని నేరుగా గుంతలోనే పెట్టడం అన్నిటికంటే ఉత్తమం. మేకలు రాకుండా కంప పెట్టుకోగలిగితే నేనైతే అదే చేస్తాను.

మామిడి టెంక నుంచి బంగినపల్లి రాదు. మన మామిడి రకాల్లో ఎక్కువ భాగం గింజ నుంచి తల్లి గుణాలు ఇవ్వవు, అందుకే అంటు కడతారు. అంటు కట్టుకోవడానికి అడుగున వేరునిచ్చే మొక్కలు కావాలంటే నాటు రసాల టెంకలు తీసుకుని, పీచు కడిగి, అంచుని కత్తెరతో జాగ్రత్తగా విప్పి లోపలి గింజని పెట్టండి. టెంకతో పెట్టినదానికంటే ఇది ముందు మొలుస్తుంది. నర్సరీవాళ్ళు ఆకు ఇంకా రాగి రంగులో ఉన్న లేత మొలక మీదే అంటు కట్టేస్తారు.

సీతాఫలం గింజ పెంకు గట్టిది, ఆరినా పోదు. రోజంతా నానబెట్టి పెట్టినా మొలకకి నెల దాటుతుంది, కాబట్టి కవరు ఖాళీగా ఉందని మట్టి దులిపేయకండి. ఒక జాగ్రత్త తప్పనిసరి. ఈ గింజల్ని నూరడం, పగలగొట్టడం చేయకండి, ఆ పొడి కంట్లో పడితే కన్నుకి పెద్ద హాని. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. మునగ గింజకి కవరు కూడా అక్కరలేదు, నేలలోనే పెడితే వారం పది రోజుల్లో లేస్తుంది.

తాటి సంగతి వేరు. తేగ తిన్నవాళ్ళందరూ దాని మొలకని చూసినవాళ్ళే. భాద్రపదంలో రాలిన పండ్ల టెంకల్ని పాతర వేస్తే, మొలక పైకి రాకుండా ముందు నేలలోకి దిగుతుంది. ఆ దిగిన చోట తయారయ్యేదే తేగ. ఆకు బయటికి వచ్చేసరికి కింద అంత లోతున వేరు పని మొదలై ఉంటుంది. అలాంటి మొక్కని తవ్వి ఇంకోచోట పెట్టడం దాదాపు జరగని పని. గట్టు మీద తాడి కావాలంటే టెంకని ఆ గట్టు మీదే పాతండి.

గుంత, నాటే రోజు

గుంతలు మే నెలలోనే తీసి ఎండకి వదిలేయండి. బొప్పాయికి పొడుగు, వెడల్పు, లోతు 2 అడుగులు, గుంతకీ గుంతకీ మధ్య 6 అడుగులు. పనసకి 3 అడుగుల గుంత, చుట్టూ 30 అడుగుల వరకు ఖాళీ. తీసేటప్పుడు పైమట్టి ఒకవైపు, అడుగుమట్టి ఒకవైపు పోయాలి. నింపేటప్పుడు పైమట్టిలో 10 కిలోల గెత్తం, అరకిలో వేపపిండి కలిపి ముందు అదే వేయాలి. ఒక వాన పడి మట్టి కుంగాకే మొక్క పెట్టండి, లేకపోతే మొక్క మట్టితో పాటు కిందికి దిగిపోతుంది.

బొప్పాయి మొదలు దగ్గర ఒకటి రెండు రోజులు నీరు నిలిచినా వేరు కుళ్ళి చెట్టు పోతుంది. మా డెల్టా భూముల్లో చదునుగా నాటితే జూలై వానలకే మొక్కలు పసుపెక్కుతాయి. గుంత నింపాక అడుగు ఎత్తున మట్టి దిబ్బ చేసి, దాని నెత్తిన నాటండి.

నారు సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికి అవసరమైనదానికంటే ఒక్క కవరు ఎక్కువ పెంచండి, చీల్చి చూడటానికి. తెల్లటి పిల్లవేర్లు మట్టిని పట్టుకుని, గడ్డ విరగకుండా నిలిచి, అడుగున చుట్ట కట్టకుండా ఉంటే అదే సమయం. మట్టి రాలిపోతే ఇంకో వారం పది రోజులు ఆగండి. అడుగున వేరు గుండ్రంగా తిరగడం మొదలైతే ఆ సాయంత్రమే నాటేయండి. బొప్పాయి ఆ దశకి సాధారణంగా జానెడు ఎత్తు ఉంటుంది. ఎత్తు చాలలేదని ఆగవద్దు, మోకాలి ఎత్తు మొక్కని చూసి మోజు పడవద్దు.

నాటే ముందు వారం పది రోజులు కవర్లని నీడలోంచి కొంచెం కొంచెంగా ఎండలోకి జరపాలి, నీళ్ళు తగ్గించాలి. కాండం గట్టిపడి, లేత ఆకుపచ్చ ముదురుతుంది. ముందురోజు సాయంత్రం బాగా తడిపి, మర్నాడు మబ్బు పట్టిన పూటో సాయంత్రం నాలుగు తర్వాతో నాటండి. బ్లేడుతో కవరు అడుగు కోసేసి, పక్కన నిలువుగా చీల్చి, మొక్కని గుంతలో నిలబెట్టాక కవరు లాగేయాలి. మొక్కని కాండం పట్టుకుని ఎత్తకూడదు, మట్టిగడ్డని రెండు చేతులతో పట్టుకోవాలి. కవర్లో మట్టి ఎంతవరకు ఉందో గుంతలో కూడా అంతవరకే రావాలి. బొప్పాయి కాండాన్ని లోతుగా పాతితే మొదలు కుళ్ళుతుంది. చుట్టూ మట్టిని చేత్తో అదమండి, కాలితో తొక్కకండి.

నీటి పాది మొదలుని తగలకూడదు. కాండం చుట్టూ మట్టి ఎగదోసి, ఆ బయట గుండ్రంగా పాది చేసి అందులో పోయండి. మొదటి నాలుగైదు రోజులు పడమటి వైపు ఒక కొబ్బరాకు గుచ్చితే మధ్యాహ్నం ఎండ నేరుగా పడదు. మధ్యాహ్నం ఆకులు వాలడం సహజం, సాయంత్రానికి లేస్తే కంగారు లేదు. సాయంత్రం కూడా వాలి ఉంటేనే మట్టి తడి చూడండి. మొదటి నెల యూరియా లాంటివి వేయకండి. కొత్త ఆకు విచ్చుకుందంటే వేరు పట్టింది, అప్పుడు పాదిలో ఎండుటాకులు పరచండి, కాండానికి నాలుగు వేళ్ళు ఎడంగా.

ఆడ, మగ వేరుగా ఉండే నాటు బొప్పాయి వేసినవాళ్ళు గుంతకి మూడు మొక్కలు పెట్టాలి. నాటిన నాలుగైదు నెలలకి పూత వస్తుంది. పొడుగాటి కాడలకి చిన్న పూలు గుత్తులుగా వేలాడితే మగ చెట్టు. ఆకు మొదట్లో ఒంటిగానో రెండు మూడో, అడుగు ఉబ్బిన పెద్ద పూలు వస్తే ఆడ చెట్టు. గుంతకి ఒక ఆడ చెట్టుని ఉంచి, పది చెట్లకి ఒక మగ చెట్టుని వదిలి, మిగతావాటిని కత్తితో నేల మట్టానికి నరికేయండి. అప్పటికి మూడింటి వేర్లూ కలిసిపోయి ఉంటాయి, పీకకండి.